ముందు నాలుకమ్మ తాగాలి

నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినగానే నాలుకమ్మ లేచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, టీ బీరువా తలుపు తీసింది. ఆ తలుపు కిర్రుమంటేనే ఆ ఇంట్లో పొద్దు పొడిచినట్టు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. తేయాకు కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ ఆకు ఎండలో ఆరింది, ఏ ఆకు వానకి తడిసి ముక్కిపోయింది, ఒక్క చెంచా నోట్లో పోసుకుని చెప్పేసేదని అందరూ నాలుకమ్మ అన్నారు. బీరువా నిండా రేకు డబ్బాలు. గులాబీ, పుదీనా, దాల్చినచెక్క, నిమ్మగడ్డి, పొగలో ఆరబెట్టిన ఆకు, ఒక్కోదాని మీద గుండ్రటి అక్షరాలతో చీటీ. రోజుకో డబ్బా తీసి కాచుకుని, చెంచాతో జుర్రుమని లాగేది. ఆ జుర్రు గోడ అవతలికి వినిపించేది. మీ అత్తగారి టీ అయింది, ఇంక మా ఆయన్ని లేపుతానని పక్కింటావిడ రోజూ కోడలితో అంటూ నవ్వేది.

"పుదీనా ఇవాళ చురుగ్గా ఉందమ్మాయ్," అంది నాలుకమ్మ కళ్ళు మూసుకుని.

కోడలు పొయ్యి దగ్గర నిలబడి ఆ ముఖాన్నే చూస్తోంది. ఆ నాలుకంటే ఆమెకి కడుపులో మంట. ఆ మంట నిన్న మొన్నటిది కాదు.

కిందటి చలికాలంలో కోడలు సొంతంగా ఒక టీ తయారు చేసింది. నారింజ తొక్కలు నీడలో ఆరబెట్టి, లవంగం తగిలీ తగలకుండా నలిపి, నల్లటి ఆకులో కలిపింది. తొక్క ఎక్కువైతే చేదు, తక్కువైతే లేనట్టే. ఎన్నోసార్లు పారబోసి, మళ్ళీ మొదలుపెట్టి, చివరికి కుదిరించింది. బజారులో పెద్ద టీ షాపు నడిపే పెద్దాయన దాని వాసన చూసి, ఆమె పేరు మీదే తన షాపులో అమ్ముతానన్నాడు. పెళ్ళయ్యాక తనదంటూ చెప్పుకోవడానికి ఆమెకి దొరికిన మొదటి పని అది. అయితే, ముందు మీ అత్తగారు రుచి చూసి సరేననాలి, ఆమె మాటే మాకు ముద్ర అన్నాడాయన.

అత్తగారు చూసింది. జుర్రుమని లాగి, కాసేపు ఆగి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేసింది.

"చచ్చిన ఆకు. దీంట్లో ప్రాణం లేదు."

అంతే. పెద్దాయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. గడియారాలు బాగుచేసుకునే భర్త, అమ్మకి తెలుసు కదా, తెలిసినవాళ్ళు చెప్పాక ఇంకేముందని, తన భూతద్దం కంటికి తగిలించుకుని పనిలో పడ్డాడు. పెళ్ళాం కళ్ళల్లో నీళ్ళు చూడ్డానికి ఆ అద్దం పనికిరాలేదు. అత్తగారు ఉమ్మినది టీని కాదు, తననేనని కోడలికి అనిపించింది. ఆ ఉమ్మిన చప్పుడు అన్నం తింటున్నా, బట్టలు ఆరేస్తున్నా చెవుల్లో వినిపిస్తూనే ఉండేది.

పగకి దారి చూపించింది కూడా అత్తగారే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, తేయాకుకి సిగ్గు లేదమ్మాయ్, పక్కన ఏది ఉంటే దాని వాసన పట్టేస్తుందని, ఆ బీరువాలో ఇంకో వస్తువు పెట్టనిచ్చేది కాదు. కోడలు ఒకనాడు ఆ బీరువాలో వెనకవైపు, డబ్బాల మాటున, ఘాటు వాసనేసే ఒంటి సబ్బులు వరసగా పేర్చింది. అన్ని డబ్బాల మూతలూ ఒక పిసరు వదులు చేసింది. విషమేం కాదు, ఎవరి ప్రాణం మీదికీ రాదని తనకి తాను చెప్పుకుంది. జీవితమంతా కూడబెట్టుకున్నది నోట్లో పెట్టుకోగానే వెగటు పుడితే ఎలా ఉంటుందో ఆమెకీ తెలియాలి. అంతే కావాలి. ఆ సాయంత్రం దీపం పెడుతూ దేవుడి వంక చూడలేకపోయింది. పగ పట్టిన చేతిని ఆయన పట్టుకుని ఆపొచ్చు కదా. ఆపడు. చివరిదాకా పోనిస్తాడు. ఎందుకో ఆయనకే తెలియాలి.

రోజులు గడిచాయి. బీరువా తలుపు తీస్తే స్నానాలగది తలుపు తీసినట్టుండేది. ఆ బీరువా టీ ఇంకెవరూ ముట్టరు, భర్త పొద్దున్నే తన గడియారాల షాపుకి పోతాడు కాబట్టి ఆ వాసన కోడలి ముక్కుకే తెలిసింది. నాలుకమ్మ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, గులాబీ మెత్తగా ఉందనీ, దాల్చినచెక్క గొంతులో వెచ్చగా దిగిందనీ చెప్పుకుంటూ తాగుతోంది. కోడలికి ఒళ్ళు మండిపోయింది. తెలిసి కూడా తెలియనట్టు నటించి తనని ఆడిస్తోందా? లేకపోతే ఏంటి?

ఆ 'లేకపోతే' దగ్గర ఆమె ఆలోచన ఆగింది. మర్నాడు పొగలో ఆరబెట్టిన ఆకు డబ్బా ఖాళీ చేసి, చీటీ మార్చకుండా అందులో నిమ్మగడ్డి పోసింది. నాలుకమ్మ చీటీ చదివి, కాచుకుని, జుర్రుమని లాగింది.

"పొగ బాగా పట్టిందమ్మాయ్. పెనం మీద రొట్టె మాడినంత కమ్మగా ఉంది."

కోడలి చేతిలో గిన్నె జారి గట్టు మీద పడింది. అత్తగారికి రుచి తెలియదు. అసలేమీ తెలియదు. చీటీ చదివి చెబుతోంది. మరి ఆ రోజు? ఆ రోజు తన గిన్నెకి చీటీ లేదు.

జాలి పడాల్సిన చోట కోడలికి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. నివురు కింద ఇన్నాళ్ళూ దాగిన నిప్పుకి గాలి తగిలింది. ఏటా ఒక ఆదివారం నాలుకమ్మ ఇంటికి టీ షాపు పెద్దాయనా, కంపెనీలో ఆమెతో పనిచేసిన గుండాయనా వస్తారు. పేరుకి తగ్గట్టు మనిషి గుండ్రంగా ఉంటాడు. వాళ్ళ పద్ధతి ఒకటి ఉంది. టీ పోశాక ముందు నాలుకమ్మ తాగాలి, రుచి ఏమిటో చెప్పాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు కప్పు ఎత్తాలి. ఈసారి కూడా ఆమె ముందు తాగుతుంది, ముందు చెబుతుంది. ఆ తర్వాత వాళ్ళు తాగుతారు.

ఆదివారం రానే వచ్చింది. కోడలు కొత్త గుడ్డ పరిచి, కప్పులు తళతళలాడేలా తుడిచింది. ఈ ఏడు ఇంత హడావుడేంటని భర్త ఆశ్చర్యపోయాడు. మీ అమ్మగారి పరువు కదండీ అంది. సబ్బులకి ఆనుకుని ఉన్న గులాబీ డబ్బానే తీసి కాచింది.

నాలుకమ్మ చెంచాతో లాగింది. గుండాయన చేతులు కట్టుకుని, ప్రసాదం కోసం వరసలో నిలబడ్డవాడిలా చూస్తున్నాడు.

"గులాబీ ముందు వచ్చి పలకరిస్తుంది," అంది నాలుకమ్మ. "తొందర లేదు. వెనకాల తేనె. చివర్లో కొంచెం వగరు, పండబోయే కాయకుండే వగరు. ఇది మంచి ఏడాది ఆకు."

ఎంత అందంగా చెబుతుందో అనుకుంది కోడలు గుమ్మం దగ్గర నిలబడి. ఆ అందానికే పళ్ళు నూరుకుంది.

వాళ్ళు కప్పులు ఎత్తారు. గుండాయనకి పొలమారింది. గుటక మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గలు నింపుకుని కూర్చున్నాడు. పెద్దాయన కప్పు కింద పెట్టి, దాన్ని వేలితో కొంచెం దూరం జరిపాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ, ఎవరూ నాలుకమ్మ వైపు చూడలేదు. భర్త తన కప్పు వాసన చూసి, "అమ్మా, ఇది సబ్బు నీళ్ళలా ఉందే," అన్నాడు.

నాలుకమ్మ కప్పు రెండు చేతులతో ఎత్తి ముక్కుకి ఆనించుకుంది. లోపలికి పీల్చింది. మళ్ళీ పీల్చింది. తాళంచెవి కోసం కొంగు కొసలన్నీ తడుముకునే మనిషి ముఖంలా మారింది ఆమె ముఖం. ఇన్ని నెలలు కోడలు ఎదురుచూసింది ఈ ముఖం కోసమే. తీరా కళ్ళముందుకొచ్చాక దాన్ని చూడలేక తల తిప్పుకుంది.

డబ్బా పాతబడి ఉంటుందిలెండని గుండాయన సర్దబోయాడు. ఈలోపు భర్త వెళ్ళి బీరువా తీసి, డబ్బాలు పక్కకి జరిపి, సబ్బులు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఎవరు పెట్టారివి అని అడిగాడు.

నాలుకమ్మ సబ్బుల వంక చూసింది. తర్వాత కోడలి వంక చూసింది. ఒక్క చూపే. అందులో అంతా తెలిసిపోయింది.

"నేనే పెట్టుంటాన్రా. బట్టల బీరువా అనుకుని ఉంటాను. వయసు మీద పడిందిగా."

దాంతో అయిపోయేది. మతిమరుపు ముసలమ్మ అనుకుని అందరూ లేచి వెళ్ళిపోయేవారు. కోడలి పగా తీరేది, కోడలి పేరూ బయటికి వచ్చేది కాదు. కానీ అత్తగారు ఆ బరువుని అంత తేలిగ్గా నెత్తికెత్తుకుంది. తిడితే భరించేది. కాపాడితే భరించలేకపోయింది.

"ఆవిడ కాదు. నేనే పెట్టాను," అంది.

"నువ్వా? ఎందుకు?" అన్నాడు భర్త.

"నా టీని ఉమ్మేసినప్పుడు నాకెలా ఉందో ఆవిడకి తెలియాలని."

భర్త నోరు తెరిచాడు గానీ, నాలుకమ్మ చెయ్యెత్తి ఆపింది. కొంగుతో పెదవులు తుడుచుకుని, పెద్దాయన వైపు తిరిగింది.

"రెండేళ్ళ కిందట ఆ జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి నాకు వాసన తెలియదు. ముక్కు పోయాక నాలుక ఒట్టి కండ. చీటీ చూసి, పాత జ్ఞాపకంతో చెప్పుకొస్తున్నాను. మీరు మా కోడలి టీ నా ముందు పెట్టిన రోజు నా నోట్లో పడింది వేడినీళ్ళు. చచ్చింది ఆకు కాదు బాబూ. ఈసారి నన్ను అడక్కండి. మీ నాలుకతో మీరు తాగి చూసుకోండి."

గుండాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకోవడం మరిచిపోయాడు. పెద్దాయన, ఆ నారింజ టీ ఇంకా ఉందామ్మా అని కోడలిని అడిగాడు. ఉంది గానీ ఇవాళ నా చేతికి సబ్బు వాసన, ఇవాళ వద్దండీ అంది. అయితే రేపు షాపుకి పట్టుకురా, నేనే తాగుతాను, బాగాలేకపోతే బాగాలేదనే చెబుతాను అన్నాడు. అలాగేనంది.

వాళ్ళు వెళ్ళాక భర్త సబ్బులు చేతిలో పట్టుకుని, ఎవరి పక్క నిలబడాలో తెలియక వాకిట్లో నిలబడిపోయాడు. కోడలు వంటింట్లో కప్పులు కడుగుతుంటే నాలుకమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"తెలియదని ఒక్క మాట అనొచ్చు కదా అత్తయ్యా. పోనీ బాగుందనైనా అనొచ్చు కదా."

"బాగుందంటే, ఎలా బాగుందో చెప్పమంటాడు. ఏం చెప్పను? బాగాలేదంటే ఇంకెవరూ ఏమీ అడగరు. నాలుకమ్మకి నాలుక లేదంటే ఇంక నేనెవర్ని అనుకున్నాను. నా పరువు కోసం నీ రెక్క విరిచాను. అప్పట్నుంచి దేవుడికి దణ్ణం పెడుతున్నానే గానీ ఏమీ అడగలేకపోతున్నాను."

కోడలు చేస్తున్న పని ఆపింది. తను కూడా దీపం దగ్గర తల దించుకునే తిరుగుతోంది. ఒకే దేవుడి ముందు ఒకే ఇంట్లో ఇద్దరూ దొంగల్లా నిలబడ్డారన్నమాట ఇన్నాళ్ళూ.

"మిమ్మల్ని క్షమించేశానని నేను చెప్పలేను," అంది.

"చెప్పకు. నేను మాత్రం నెలల తరబడి సబ్బు తాగించినదాన్ని ఒక్క పూటలో ఎలా క్షమిస్తాను? నాలుకకి తెలియకపోతే మాత్రం, కడుపుకి తెలుస్తుందిగా."

కోడలికి నవ్వు ఆగలేదు. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. చేతులు మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. అలమర పైనుంచి ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న తన నారింజ టీ సీసా దింపి, నీళ్ళు పెట్టింది. ఒకే కప్పులో పోసి, ముందు తను ఒక గుక్క తాగి, అత్తగారి చేతికిచ్చింది. నాలుకమ్మ జుర్రలేదు. మామూలుగా, అందరిలా తాగింది.

"చెప్పమ్మాయ్, ఎలా ఉంది?"

కోడలు కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. నోట్లో పెట్టుకోగానే నారింజ కాదత్తయ్యా, ముందు ఆకే తెలుస్తుంది, కొంచెం మందంగా. పండు తొక్క వలిచినప్పుడు కంట్లో పడి చురుక్కుమంటుంది చూడండి, అది తర్వాత. లవంగం ఎక్కడుందో వెతుక్కోవాలి, మింగేశాక పక్క గదిలోంచి ఎవరో పిలిచినట్టు వస్తుంది.

చెప్పి, ఆగి, అత్తగారి ముఖంలోకి చూసింది.

"తెలుస్తోందా?"

"లేదు," అంది నాలుకమ్మ. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కప్పు అంచు మీద పడుతున్నాయి. "ఆపకు. చెప్పు."