మోచేతి మీట

“చెయ్యి ముడుచుకునే ఉంచు గువ్వా! ఇప్పుడొచ్చే మేడమ్ ఏమడిగినా సరే, వేళ్లు విప్పకు. కప్పు ఇచ్చినా పట్టుకోకు... విన్నావా?”

తల్లి చెబుతూనే ఉంది. చక్రాల కుర్చీలో కూర్చున్న గువ్వ తన కుడిచేతికేసి చూసుకుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. పుట్టినప్పుడు ఊపిరాడక కాళ్లు చచ్చుబడిపోయాయి. ఎడమచెయ్యి చెప్పిన మాట వినదు. నోటి మాట ఆగి ఆగి వస్తుంది. కానీ ఆ కుడిచెయ్యి! దానికోసం ఆ పిల్ల పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు! సూది పట్టుకోవడం నేర్చుకునేటప్పుడు వేళ్లన్నీ గుచ్చుకునేవి. నెత్తురు చిందితే నోట్లో పెట్టుకుని మళ్లీ మొదలెట్టేది తప్ప, అమ్మా అని పిలిచేది కాదు. ఇప్పుడు తల్లి కుట్టే చొక్కాలన్నిటికీ గుండీలు కుట్టేది గువ్వే. అలాంటి చేతిని పనికిరానిదానిలా పెట్టుకోమంటోంది కన్నతల్లి!

ఈ బుద్ధి తల్లికి దానంతటదే పుట్టింది కాదు. ఆడపడుచు నూరిపోసింది. ఆవిడ మనసు వెన్నే, కాదనలేం. కానీ ఎవరూ అడక్కుండానే సలహాలివ్వడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. పొద్దున్నే వచ్చి గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

“అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక సర్కారు పెడుతుందా? పిల్లకు నాలుగు పనులు చేతనవునని తెలిసిందంటే ఉన్న సాయం కూడా ఊడగొడతారు! ఏమీ చేతకాదని చెప్పు. అప్పుడు మీట ఏం ఖర్మ, మిషనే తెచ్చిస్తారు!”

మీట సంగతేమిటంటే, గువ్వకు కుట్టుమిషను మీద కూర్చోవాలని ఆశ. కాళ్లతో తొక్కలేదుగా! మోచేత్తో నొక్కితే మిషను నడిపే మీట ఒకటి ఉంటుందని చికిత్సకు వెళ్లినచోట చూసి వచ్చింది. అప్పటినుంచీ కూర్చున్నా అదే ధ్యాస, పడుకున్నా అదే ధ్యాస. సర్కారువారి వికలాంగుల సహాయ నిధి వాళ్లను అడిగితే, ఇంటికొచ్చి పిల్లను చూసి చెబుతామన్నారు. ఆ నిధి తరఫునే రోజూ పొద్దున ఒక సహాయకురాలు వచ్చి గువ్వకు స్నానం చేయించి, తినిపించి వెళుతుంది. ఆ కాస్త సమయంలోనే తల్లి మిషను ముందు నిశ్చింతగా కూర్చోగలిగేది. భర్త పోయాక ఆ మిషనే వాళ్లకు కూడూ గుడ్డా పెడుతోంది. సహాయకురాలు రావడం మానేస్తే...? అందుకే వదిన మాట వేదవాక్కయింది!

నిధి తరఫున అధికారిణి వచ్చింది. నెమ్మదైన మనిషి. కుర్చీ దగ్గరగా లాక్కుని గువ్వ ఎదురుగానే కూర్చుంది.

“నీకేం కావాలమ్మా?”

“మో... మోచేతి... మీట...” గువ్వ కళ్లు మెరిశాయి.

“దానికేం తెలుసు మేడమ్!” తల్లి అడ్డం పడిపోయింది. “కప్పు కూడా పట్టుకోలేదు. అన్నీ మేమే చెయ్యాలి. చేతులున్నాయన్న మాటే గానీ...” ఆడపడుచు వెనకనుంచి “అవునవును, పాపం!” అని వంత పాడింది.

అధికారిణి మంచినీళ్ల కప్పు గువ్వకు అందించింది. తల్లి ముఖంలోకి చూసింది గువ్వ. చెయ్యి ఒళ్లోనే ముడుచుకుని ఉండిపోయింది.

“అయ్యో... అలాగైతే మీట ఇవ్వడం కుదరదమ్మా,” అంది అధికారిణి నొచ్చుకుంటూ. “వాడుకోగలిగినవాళ్లకే ఇస్తాం. చేతులు పనిచెయ్యనప్పుడు దాన్ని మూలన పెట్టుకోవడమే కదా?”

“మరి మిషనూ?” అంది ఆడపడుచు, పట్టు వదలకుండా.

“మిషను ఎవరికీ ఇవ్వమండీ. అది ఎవరైనా కొనుక్కునే వస్తువే. బట్ట, దారం, కరెంటు కూడా అంతే. అవయవలోపం వల్ల అదనంగా ఏది కావలసొస్తుందో అంతవరకే ఈ నిధి.” ఒక్క క్షణం ఆగి తల్లి వైపు తిరిగింది. “మీరు రాత్రింబవళ్లు చేసే చాకిరీ కూడా ఇందులోకి రాదమ్మా. ఆ మాట చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది.”

సిగ్గు! ఆ మాట తల్లికి చెంపదెబ్బలా తగిలింది. సిగ్గుపడాల్సింది ఆవిడా?

అధికారిణి లేచింది. అంతలో ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఈగ గువ్వ చెంప మీద వాలింది. చెంప మీదనుంచి పెదవి మీదకు పాకింది. ఆ పిల్ల తల విదిలించింది. ఈగ లేచి మళ్లీ అక్కడే వాలింది. ఒళ్లో కుడిచేతి వేళ్లు ఒక్కసారి విచ్చుకోబోయాయి... అంతే! చెయ్యి లేవలేదు. కళ్లనిండా నీళ్లు తిరుగుతున్నా, పెదవి మీద ఈగ పాకుతున్నా, అమ్మ చెప్పిందని ఆ బిడ్డ చెయ్యి ఎత్తలేదు!

“తోలుకోవే తల్లీ!” తల్లి అరిచేసింది. “తోలుకో! నా మాట వినకు... నేను పాపిష్టిదాన్నే!”

గువ్వ చెయ్యెత్తి ఈగను తోలింది. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

తల్లి నేలమీదే కూలబడింది. తలెత్తి అధికారిణిని చూసే మొహం లేదు.

“అబద్ధం చెప్పాను మేడమ్... దానికి చేతనవును. చొక్కాలకు గుండీలు కుడుతుంది. ఆలస్యమైనా తన తిండి తనే తింటుంది. మీద ఒలికిపోతే మళ్లీ తుడుచుకోవాలి, నాకు కుట్టుకోవడానికి టైముండదని సహాయకురాలి చేత తినిపించాను. నా తీరిక కోసం నా బిడ్డ చేతులు కట్టేశాను... మీరేం శిక్ష వేసినా పడతాను. దానికి మాత్రం మీట ఇవ్వకుండా పోకండి!”

“తప్పు నాది! నేనే ఎక్కించాను!” అంటూ ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నోట సలహా రాకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

అధికారిణి కసురుకోలేదు. “భయంతో చాలామంది ఇలాగే చెబుతారమ్మా. కానీ నేను ఉన్నదున్నట్టే పైవాళ్లకు చెప్పాలి. మీట ఇవ్వొచ్చు, స్నానానికి మనిషీ వస్తుంది. తినిపించడానికి ఇచ్చిన సమయం మాత్రం తీసేస్తారు. మీ కుట్టుపని తగ్గుతుంది మరి.”

“తగ్గనివ్వండి,” అంది తల్లి. “మిషను నాదుంది. మీట దానికే బిగించండి. సగం రోజు అది కూర్చుంటుంది, సగం రోజు నేను.”

తరవాత మోకాళ్ల మీదే జరిగి కూతురి కాళ్లు పట్టుకుంది. “నన్ను క్షమించవే...”

గువ్వ అమ్మ కళ్లలోకి చూసింది. “అ... అత్తయ్య అన్నందుకు... ఏడవలేదమ్మా. చేతకాదని... నువ్వు... నువ్వు అనేసరికి... నిజమేనేమో అనిపించింది.”

ఏ నిధీ ఇవ్వలేని నమ్మకం ఒకటి తల్లి చేతుల్లో ఉండేది. దాన్నే తను ఇందాక నలుగురి ముందూ పడేసింది! ఇప్పుడు ఏడ్చి ఓదార్పు పొందడానికి కూడా ఆవిడకు సిగ్గేసింది.

అధికారిణి మళ్లీ కూర్చుంది. “సరే, మొదటినుంచి మొదలుపెడదాం. అమ్మాయికి ఏమేం చేతనవును?”

అలవాటుకొద్దీ తల్లి నోరు తెరిచింది. టక్కున మూసుకుంది.

“దాన్నే అడగండి మేడమ్.”

గువ్వ మాటలు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవ్వరూ మాట అందివ్వలేదు, ఎవ్వరూ తొందరపెట్టలేదు. తల్లి నేలమీద అలాగే కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుని వింది.