అరవై సున్నాలు

"అరవై దుకాణాలు, అరవై సున్నాలు. సర్వే చేసినవా, కూసొని సున్నాలు చుట్టినవా?"

లైబ్రరీలో తలలన్నీ అటు తిరిగాయి. పూజిత గొంతు తగ్గించలేదు. ఎదురుగా కూర్చున్న శ్రీపాద మాత్రం తగ్గించాడు.

"మెల్లగ మాట్లాడు. అరవై మందీ గదే చెప్పిండ్రు."

ఇద్దరిదీ ఎం.ఏ. ఇంటర్నేషనల్ ఎకనామిక్స్, చివరి ఏడాది. ఇద్దరికీ కలిపి ఒకటే డిసర్టేషన్. రూపాయి విలువ పడితే లాడ్ బజార్‌లో లక్క గాజుల ధర ఎంత పెరుగుతుంది? పాత ధరలు సేకరించడం పూజిత పని. గాజు మీద అతికే రాళ్లలో విదేశీ సరుకు ఎంత ఉందో దుకాణాల్లో అడిగి రావడం శ్రీపాద పని. విదేశీ సరుకు సున్నా అని అతడు రిపోర్టు ఇచ్చాడు. గైడు సూర్యప్రభ మేడమ్ మెచ్చుకుని ఇరవై అయిదుకు ఇరవై మూడు వేసింది.

పూజిత చేతిలోని లెక్క వేరే మాట చెబుతోంది. రూపాయి పడిన ప్రతిసారీ గాజు ధర పెరిగింది.

"ఎన్ని గంటలకు పోయినవ్?"

"పదకొండుకు. అప్పుడే దుకాణాలు తెరుస్తరు. రష్ ఉండదు గదా."

"ఏమన్న కొన్నవా?"

"గాజులు నేనేం జేస్కుంట?"

పూజిత నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "బోణీ గాకముందు పోయినవ్. ఏం కొనలె. పెన్ను వట్టుకొని ప్రశ్నలడిగినవ్. నీకు నిజమెవడు చెప్తడు? నువ్వు జల్ది పోవాలె, గంతే వాళ్లకు."

"సబ్ యహీఁ కా మాల్ హై సాబ్" అంటూ, అంతా ఇక్కడి సరుకే అని అరవై మందీ ఒకే పాట ఎందుకు పాడారో, ఎందుకు ఎవరూ కూర్చోమనలేదో శ్రీపాదకు అప్పుడు తెలిసింది.

అతడు పుట్టి పెరిగింది హుస్సేనీ ఆలంలో. లాడ్ బజార్ నడిచిపోయేంత దూరం. కానీ తండ్రి వేణుగోపాల్ ఒక గుడిలో అర్చకుడు, తాత కూడా అర్చకుడే. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఏదీ అమ్మి ఎరగరు. పూజిత ఇంట్లో పాలు అమ్మని పూట లేదు. జహనుమాలో ఆమె తండ్రి పెంటయ్యకు పదకొండు బర్రెలున్నాయి. పొద్దున మొదటి లీటరు పోయేదాకా ఆయన కన్నబిడ్డ పిలిచినా పలకడు.

డిసర్టేషన్ ఇవ్వడానికి ఎనిమిది రోజులే ఉన్నాయి. అందులో మంచి మార్కులు వస్తేనే పిహెచ్.డి. ఇంటర్వ్యూకు పిలుపు. క్లాసులో ఆ ఆశ ఉన్నది ఇద్దరికే. ఆ ఇద్దరూ వీళ్లే.

"సాయంత్రం చార్మినార్ దగ్గరికి రా," అంది పూజిత. "పెన్ను ఇంట్ల వెట్టు. నోరు గూడ."

ఆ సాయంత్రం వాన పడింది. పూజిత దుకాణాల ముందు ఆగలేదు. సందులోకి తిరిగి, గాజులు చేసే బట్టీ దగ్గరికి తీసుకుపోయింది. నిప్పుల ముందు కూర్చున్న ముసలామె లక్కను కాచి గుండ్రంగా తిప్పుతోంది. పూజిత ఆమె పక్కన కింద కూర్చుంది. ఒక జత చేయించుకుంది. వర్షం గురించి మాట్లాడింది, మోకాళ్ల నొప్పి గురించి అడిగింది. ఆ తర్వాత రాళ్ల సంగతి ఎత్తింది.

ముసలామె దాచకుండా చెప్పింది. పది రాళ్లలో ఏడు చైనావి. డాలర్ పెరిగిందంటే రాళ్లు తెచ్చే సేటు ఆ వారమే రేటు పెంచుతాడు.

చెప్పి, శ్రీపాదను తేరిపారా చూసి, పెళ్లికొడుకా అని అడిగింది. "యే కౌన్ బిటియా? దుల్హా?"

"నై ఖాలా. క్లాస్ మేట్."

"క్లాస్ మేట్ ఇత్నా దేఖ్తా క్యా?"

క్లాస్ మేట్ ఇంతగా చూస్తాడా అన్న మాటకు శ్రీపాద చప్పున చూపు నిప్పుల మీదికి తిప్పాడు. అతడు రెండేళ్లుగా తనను చూస్తున్నాడని పూజితకు తెలుసు. చూడనట్టు నటించడం అతనికి చేతకాదు. ఆరు రోజులు ఆ సందులన్నీ తిరిగి కొత్త లెక్కలు రాసుకున్నారు. ఆమె గొడుగు కిందికి రమ్మనలేదు, అతడు అడగలేదు, పూర్తిగా తడిశాడు. ఆరో రోజున పూజిత గొడుగును కొంచెం అటు జరిపింది. అంతకు మించి ఏమీ జరగలేదు. ఆమెకు అది చిన్న సంగతి కాదు.

ఏడో రోజు లొల్లి అయింది.

"పాత రిపోర్టు సంగతి వైవాల చెప్పాలె," అంది పూజిత.

"ఎందుకు? కొత్తది కరెక్టుగుంది గదా. పాతది ఎవరు చదువుతరు?"

"మేడమ్ చదివింది. మార్కులేసింది."

"చెప్తే నా మార్కులు పోతయ్, పూజితా. ఇంటర్వ్యూ గూడ పోతది."

"పోనీ. తప్పు చేసినోణ్ని నేను తిడ్త, ఊకుంట. దాచిపెట్టేటోనితోని నాకు పని లేదు."

ఆమె పుస్తకాలు తీసుకుని లేచింది. వెనక్కి చూడలేదు. ఫోను రెండుసార్లు మోగితే తీయలేదు.

వైవా రోజున పూజిత తన భాగం చెప్పి కూర్చుంది. శ్రీపాద లేచాడు. మొదటి స్లైడ్ మీద కొత్త లెక్కలు లేవు, అరవై సున్నాలు ఉన్నాయి.

"మేడమ్, ఇది నా పాత సర్వే. మొత్తం తప్పు. బేరం మొదలుగాకముందు పోయి అడిగిన, వాళ్లు నన్ను పంపించేయడానికి ఏదో ఒకటి చెప్పిండ్రు. నేను మళ్లీ చూసుకోలేదు. తప్పు పట్టింది పూజిత. మీరిచ్చిన ఇరవై మూడు నావి కావు."

సూర్యప్రభ మేడమ్ కళ్లద్దాలు తీసి తుడిచింది. జాలి పడలేదు. ఆ ఇరవై మూడు కొట్టేసి ఎనిమిది వేసింది. ఇంటర్వ్యూ పిలుపుకు అక్కడికక్కడే పూజిత పేరొక్కటే రాసుకుంది.

మెట్ల దగ్గర శ్రీపాద ఆమె కోసం నిలబడ్డాడు.

"ముబారక్. సీటు నీదే. నేను వచ్చే ఏడు మళ్ల రాస్త."

"రాయి."

"ఇంకో మాట. నువ్వంటే నాకు ఇష్టం. మస్తు దినాల సంది."

"బట్టీ కాడ ఖాలాకు ఒక్క నిమిషంల తెలిసింది. నాకు తెల్వదా?"

"మాఫ్ చేసినట్టేనా మరి?"

"చెయ్యలె. మాఫ్ చేసుడు నాతోని గాదు." పూజిత రెండు మెట్లు దిగి, అతనితో సమంగా నిలబడింది. "నువ్వు ఇయ్యాల నోరు మూసుకుంటే, నీ మొకం మళ్ల చూడొద్దనుకొని వచ్చిన. నువ్వు లేచి నిలవడ్డవ్. నాకు గా మనిషి గావాలె. ఇంట్ల ఎప్పుడు చెప్తవ్?"

"ఇయ్యాలనే."

"నడువ్. నేనూ వస్త."

"ఇప్పుడా? నాన్న పూజ ముగించుకొని భోజనానికి కూసుంటడు."

"తినేముందే చెప్పు."

హుస్సేనీ ఆలంలో వేణుగోపాల్ తలుపు తీశాడు. శ్రీపాద చెప్పులు కూడా విప్పలేదు.

"నాన్నా, ఈమె పూజిత. జహనుమా, పాల పెంటయ్యగారి బిడ్డ. నా మార్కులు పోయినయ్, తప్పు నాదే. ఆ తప్పు పట్టుకున్నది ఈమె. మేమిద్దరం పెండ్లి చేసుకోవాలనుకుంటున్నం."

వేణుగోపాల్ కొడుకును చూశాడు. పూజితను చూశాడు. ఆమె కళ్లు దించలేదు, నమస్కారం పెట్టి అలాగే నిలబడింది. లోపల నుంచి తల్లి "ఎవరండీ?" అని అడిగింది. ఆయన తలుపు పూర్తిగా తీశాడు.

"కోపం ఎట్లాగూ వస్తది. అది తర్వాత," అన్నాడు. "ఎండల వడి వచ్చిండ్రు. ముందు లోపలికి రాండ్రి, అన్నం తినుండ్రి."

శ్రీపాద ఇంకా గడప దగ్గర తటపటాయిస్తున్నాడు. పూజిత చెప్పులు విప్పి, అతని కంటే ముందు లోపలికి నడిచింది.