తొమ్మిది బుట్టల ధర

“ఒక దెబెన్,” అన్నాడు కెన్నా.

హెనుత్ బుట్టను అతని చేతిలోంచి లాక్కుంది. “ఊరంతా రెండిస్తున్నారు. నీ కళ్లలో రంపపు పొట్టు పడిందా ఏం?”

“అడుగున అల్లిక వదులుగా ఉంది.”

“చూపించు.”

అతను అడుగుకేసి కాకుండా ఆమెకేసి చూశాడు. “ఉందిలే,” అన్నాడు.

నైలు పడమటి కొండల్లో రాజు సమాధి తొలిచేవాళ్ల ఊరది. డెబ్బై ఇళ్లు. మగవాళ్లు ఎనిమిది రోజులు కొండ మీద పనిచేసి రెండు రోజులు సెలవుకి ఇంటికొస్తారు. కూలి గోధుమల్లో అందుతుంది. ధర మాత్రం రాగి తూకంలో, దెబెన్లలో చెబుతారు. రాగి చేతులు మారదు. మంచం పన్నెండు దెబెన్లంటే ఆ విలువకు మేకో, చెప్పులో, బుట్టలో ఇవ్వాలి.

హెనుత్‌కి తండ్రి లేడు. ఆ ఇంటికి కూలి గోధుమలు రావు. ఆమె అల్లే ఖర్జూరపాకు బుట్టల మీదే తల్లీకూతుళ్లు బతుకుతున్నారు. తల్లి నడుం నొప్పితో నేల మీద పడుకోలేకపోతుంటే, వడ్రంగి కెన్నా మంచం చేసి ముందే ఇచ్చాడు. సెలవుకొక బుట్ట చొప్పున బాకీ తీరాలి.

బుట్ట రెండు దెబెన్లయితే ఆరు సెలవులు. ఒకటయితే పన్నెండు. మంచానికి కోళ్లు బిగిస్తున్నప్పుడే కెన్నా ఆ లెక్క వేసుకున్నాడు.

రెండో బుట్టకి పిడి వంకరన్నాడు. మూడోదానికి రంగు వెలిసిందన్నాడు.

“నాలుగోదానికి నా చూపు వంకరంటావా?” అంది హెనుత్.

“చూపు బాగానే ఉంది. దానికి విడిగా ధర కడతాను.”

“కట్టలేవులే. నీ కూలి సరిపోదు.”

ఆ రోజు నవ్వుకుంటూ వెళ్లింది. తొమ్మిదో బుట్ట ఇచ్చిన మర్నాడు నవ్వలేదు. చాకలి ఆమె బుట్టకి ఒక దెబెన్ విలువకే ఉల్లిపాయలిచ్చాడు. “పనితనం తెలిసిన కెన్నాయే ఒకటంటే నేను రెండెందుకివ్వాలమ్మా?” అన్నాడు. చేపలవాడూ అదే మాట. హెనుత్ నేరుగా మేస్త్రి ఇపుయ్ వాకిట్లో కూర్చున్న పంచాయితీకి వెళ్లింది. కెన్నాను పిలిపించారు.

“ఈ బుట్టలో లోపమేంటి?” అన్నాడు మేస్త్రి.

“ఏం లేదయ్యా.”

“మరి ఒకటెందుకన్నావు?”

“రెండంటే ఆరు సెలవులకే బాకీ తీరిపోతుందయ్యా.”

“తీరితే?”

“తర్వాత రాదు.”

జనం నవ్వారు.

“నీ సరదాకి మా ఇంట్లో రొట్టెలు సగమయ్యాయి,” అంది హెనుత్. “నన్ను చూడాలంటే తలుపు తట్టొచ్చుగా. బుట్ట ధర పడగొట్టాలా?”

“చాకలి దాకా పోతుందనుకోలేదు.”

“ఈ ఊళ్లో తుమ్మితే కొండ మీద వినబడుతుంది.”

కెన్నా తలెత్తాడు. “తప్పు నాది. ఇంటింటికీ వెళ్లి నేనే చెబుతాను.”

తొమ్మిది బుట్టలు పద్దెనిమిది దెబెన్లని పంచాయితీ తేల్చింది. మంచం పోను కెన్నాయే ఆమెకి ఆరు దెబెన్లు, అంటే మూడు బస్తాల గోధుమలు, ఇవ్వాలి.

అతను ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, బుట్ట రెండు దెబెన్లని, తాను అబద్ధమాడానని చెప్పాడు. ఎందుకని అడిగినచోట అదీ చెప్పాడు. చాలామంది తెలిసే అడిగారు. చాకలి మిగతా ఉల్లిపాయలు మోసుకెళ్లి హెనుత్‌కి ఇచ్చొచ్చాడు.

సాయంత్రం కెన్నా బస్తా భుజాన వేసుకుని ఆమె తలుపు తట్టాడు.

“ఇదొకటి. మిగతా రెండూ ఇప్పుడే తెస్తాను.”

“ఇవాళ్టికి ఇది చాలు. మిగతావి సెలవుకొకటి తే.”

“ఒక్కసారే తేగలను.”

“తేగలవని తెలుసు.”

లోపల మంచం మీంచి తల్లి అంది, “రెండు బస్తాలే కదే. ఆ తర్వాత?”

హెనుత్ బస్తాని లోపలికి లాగింది.

“అప్పటికి ఈ ఇంటికి రావడం అతనికి అలవాటైపోతుందిలే అమ్మా.”