ఎండతో వేసిన బొమ్మ

ఆ గ్లాసు ఒలకకుండా ఉంటే అసలు ఈ కథే లేదు.

ఒలికింది. అదీ ఏదో కాస్తా కూస్తా కాదు. బ్రష్షులు కడిగిన నీలం నీళ్ళు గ్లాసెడూ బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తాయి. దారిలో ఇంకెవరి జోలికీ పోకుండా సరిగ్గా అతని బొమ్మ మీదికెక్కి కూర్చున్నాయి.

"అయ్యయ్యో! సారీ అండీ, సారీ సారీ!" అంటూ ఆమె చేతిరుమాలుతో తుడవబోయింది. తుడిచినకొద్దీ ఇంకా అలుక్కుపోయింది.

"దయచేసి ముట్టుకోకండి," అన్నాడతను.

"ఆరితే బాగుంటుందండీ, నిజంగా. నీళ్ళ మరక ఒక్కోసారి మనకంటే బాగా వేస్తుంది."

"మరకలు మీరు వేసుకోండి. నేను పెన్సిలుతో మెట్లు వేస్తున్నాను. నెలరోజుల పని."

తడి కాగితాన్ని చెత్తబుట్టలో పడేసి, కుర్చీ ఎత్తుకుని గది అవతలి మూలకి వెళ్ళిపోయాడు. ఆమె ముఖం చిన్నబుచ్చుకుంది. సైకిల్ షాపు పైనున్న ఆ పొడుగాటి గదిలో ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ అని అందరికీ తెలిసిపోయింది. అందరికీ తెలిసిన సంగతుల్లో సగం తప్పులే ఉంటాయన్నది వేరే విషయం.

అది బొమ్మలు వేసేవాళ్ళ ఆదివారం గుంపు. నడిపేది మాస్టారు. ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా చీకటి గదిలో ఎముకలు చూశాను, ఇప్పుడు రంగులు చూడాలి అని ఈ గుంపు మొదలుపెట్టాడు. నెలకో పరీక్ష పెట్టేవాడు. ఒక నెల బొగ్గు, ఒక నెల ఇనప తుప్పు, ఒక నెల విప్పేసిన స్వెట్టర్ల దారం. మాధ్యమం ఏదైనా రూలు ఒకటే. వేసిన బొమ్మ వేలాడాలి. బాగా రాలేదని చింపడం, దాచుకోవడం కుదరదు. నెలాఖరున అన్నీ గోడకెక్కాల్సిందే.

ఈ రూలు మనవాడికి గొంతులో వెలక్కాయ. అతని పని కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీయడం. వెంట్రుకవాసి తేడా వస్తే పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పి. ఆ జాగ్రత్త బొమ్మల్లోకీ పాకింది. గీసింది తక్కువ, చెరిపింది ఎక్కువ. అందుకే గుంపంతా అతన్ని రబ్బరబ్బాయి అని పిలిచేది. నెలాఖరున గోడకి అతను తగిలించేది ఒక కప్పు చెవో, ఒక తలుపు గడియో, అంతే.

ఆమె మాస్టారి తమ్ముడి కూతురు. పిల్లల బట్టల కంపెనీలో తాబేళ్ళూ పువ్వులూ గీసే ఉద్యోగం. గుంపులో ఆమె పేరు జడివాన. మెట్లెక్కుతుండగానే మాటలు మొదలయ్యేవి, కూర్చోగానే నీళ్ళు.

ఇక ఎవరికీ తెలియని సంగతి. ఆ రోజు కోపంగా మూల కూర్చున్న రబ్బరబ్బాయి మళ్ళీ మెట్లు గీద్దామని తలెత్తాడు. అవతల ఆమె తడి కాగితం మీద ఒక్క చుక్క రంగు వదిలింది. ఆ రంగు తనకి తోచిన దారిన పాకుతోంటే, ఆపకుండా, భయపడకుండా, ఊపిరి బిగబట్టి చూస్తోంది. అలా చూస్తున్న మనిషిని అతను నోరు తెరుచుకుని చూశాడు. లోకంలో ఇలా కూడా బొమ్మ వేస్తారా? చేతిలోంచి జారిపోయేదాన్ని చూసి ఇంత సంతోషపడతారా?

ఆ ఆదివారం అతను మెట్లు గీయలేదు. ఆమెని గీశాడు. ఎవరో లేచిన చప్పుడైతే గబగబా చెరిపేశాడు. ఆ తర్వాతి ఆదివారాలూ అదే కాగితం మీద అంతే. చెరపడంలో అతన్ని మించినవాడు లేడు. వెలుతురుకి పట్టి చూసినా ఆనవాలు దొరకదని అతనికి గొప్ప నమ్మకం.

ఆమె దగ్గరికొస్తే కుర్చీ జరుపుకునేవాడు, కాగితాలు పెట్టుకునే అట్ట మూసేసేవాడు. ఆమె దానికి తనకి తోచిన అర్థం చెప్పుకుంది.

కొన్ని ఆదివారాలు గడిచాక వచ్చిన పరీక్ష ఎండ నీలం.

"ఇదుగో ఈ మందు చీకట్లో కాగితానికి పూయాలి," అన్నాడు మాస్టారు. "ఆరాక దాని మీద ఏదైనా పెట్టి ఎండలో ఉంచాలి. ఎండ తగిలిన చోటల్లా నీలం, తగలని చోట తెలుపు. ఆ తర్వాత నీళ్ళలో కడిగితే బొమ్మ తేలుతుంది. వేసేది ఎండ, మీరు కాదు. పెన్సిళ్ళూ రబ్బర్లూ లోపల పెట్టేయండి."

అందరూ ఒకడి వైపు చూసి నవ్వారు.

"ఇద్దరేసి చేయండి. జడివానా, నువ్వు రబ్బరబ్బాయితో."

"పెదనాన్నా, ఆయనతో వద్దు! నేను పక్కన నిలబడితేనే ఆయన కాగితాలకి జలుబు చేస్తుంది."

"మందు పూయడం నీకొచ్చు. ఏది ఎక్కడ పెట్టాలో అతనికొచ్చు. మాట్లాడకుండా చేయండి."

మాట్లాడకుండా ఉండమని జడివానకి చెప్పడం మాస్టారి అమాయకత్వం.

పని మొదట్లోనే ఆగింది. గుంపు కొన్న కాగితాలు పలచన. దారాలతో బొమ్మలు కుట్టే దారాలక్కయ్య చూద్దామని ముక్క ఒకటి నీళ్ళలో పెట్టగానే అది పేలికలైపోయింది.

రబ్బరబ్బాయి కాసేపు నేల చూశాడు. తర్వాత తన అట్ట విప్పి, ఎవరినీ తాకనివ్వని మందపాటి కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. గదిలో అందరూ చేస్తున్న పని ఆపి అటు చూశారు.

"దీన్ని తడపాలి, తెలుసుగా?" అంది ఆమె.

"తెలుసండి."

"తర్వాత నన్ననకూడదు."

"అననండి. ఆ రోజు... అలా అనాల్సింది కాదు."

ఆమె కాగితం తన వైపు లాక్కుంది. కర్టెన్లు వేసిన గదిలో చిన్న పసుపు బల్బు కింద వెడల్పు బ్రష్షుతో మందు పూసింది. మధ్యలో చేయి ఆగింది.

"ఇక్కడ గరుగ్గా ఉందేంటండీ మీ కాగితం?"

"పాతది కదా," అన్నాడు. అబద్ధమేమీ కాదు, అతనికి నిజంగానే అనుమానం రాలేదు. చెరిపేసింది పోయిందనే అతని లెక్క.

కాగితం ఆరాక దానికి నల్లగుడ్డ కప్పి డాబా ఎక్కారు. సరిగ్గా అప్పుడే ఒక మబ్బు వచ్చి సూర్యుడి మీద తీరిగ్గా కూర్చుంది.

జేబులోంచి అతను గుడ్డ మూట విప్పాడు. పాత గాజు లెన్సులు. గీతలు పడి షాపులో పక్కన పడేసినవి. "వీటిని పెడదామండి. ఎండ వీటిలోంచి వంగి వెళ్తుంది."

ఆమె ఒకటి కంటికి పెట్టుకుంది. "మీరు చాలా దూరంగా కనిపిస్తున్నారు."

"అది మైనస్ లెన్సండి."

"లెన్సు లేకపోయినా అంతేగా!" నవ్వుతూనే అంది, కానీ నవ్వు మధ్యలోనే అయిపోయింది. "ఇంకెంతలెండి. వచ్చే నెల నుంచి బుధవారం గుంపుకి మారిపోతున్నాను. ఊరికి అవతలి వైపు. పేరు కూడా ఇచ్చేశాను."

అతని గుండె జారి డాబా మీద పడింది. "ఎందుకండి?"

"పెదనాన్న దగ్గర సరదాగా ఉందామని వస్తాను. ఒక మనిషి నన్ను చూడగానే కుర్చీ జరుపుకుంటుంటే ఏం సరదా? నాకూ మనసుంటుందిగా."

కాదు, అది కాదు అని చెప్పాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకొంచెం బాగా ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. ఆలోచించి ఆ మాట చెరిపాడు, ఇంకోటి వెతికాడు, అదీ చెరిపాడు.

ఈలోగా మబ్బు తప్పుకుంది.

"ఎండ! ఎండ!" అని ఆమె గుడ్డ లాగేసింది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని గబగబా లెన్సులు పేర్చారు. ప్రతి లెన్సు కిందా ఒక వెలుగు ఉంగరం పడింది. అవి కాగితం మీద వణుకుతోంటే ఆమె తగువు మరిచిపోయింది. అతను చెప్పాల్సింది మరిచిపోయాడు. కాగితం రంగు కళ్ళెదుటే పసుపు నుంచి ఆకుపచ్చలోకి, బూడిదలోకి మారుతోంది. సూర్యుడంతటివాడు అంత దూరం నుంచి వచ్చి ఒక గుంపు వాళ్ళ కాగితం మీద పనిచేసి పెడుతున్నాడని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఏ ఒక్కరి తల నీడా కాగితం మీద పడకుండా ఇద్దరూ అలా వంగే ఉన్నారు.

"చాలు, తెచ్చేయండి!" అని మెట్ల గది నీడలోంచి మాస్టారు పిలిచాడు. అక్కడ నీళ్ళ ట్రే చుట్టూ గుంపంతా చేరింది.

ఆమె కాగితాన్ని నీళ్ళలోకి జార్చింది. పసుపు మందు పొగలా విడిపోయింది. అడుగున నీలం కనిపించింది. పొద్దుపోయే వేళ ఆకాశంలో కాసేపు మాత్రమే ఉండే నీలం. అందులో లెన్సుల తెల్లటి వలయాలు, వలయాల చుట్టూ వెలుగు పడిన ముదురు అంచులు.

"అబ్బ!" అంది దారాలక్కయ్య.

ఆ నీలంలోంచి ఇంకో నీలం పైకి లేచింది. సన్నగా, ముదురుగా. ముందు ఒక కనురెప్ప. తర్వాత చెవి వెనక్కి తోసిన జుట్టు. తలవంచుకుని బ్రష్షు కొన కొరుకుతున్న ఒక అమ్మాయి. ఆమె భుజం దగ్గర నవ్వుతూ మళ్ళీ అదే అమ్మాయి. ఆ నవ్వు వెనక ఊపిరి బిగబట్టి దేన్నో చూస్తూ ఇంకోసారి. ఒకరి మీద ఒకరుగా కాగితమంతా ఆమే. వలయాల మధ్య వెలుగు పడిన చోటల్లా ఆమే.

ట్రే చుట్టూ తలలన్నీ ఇంకా కిందికి వంగాయి.

"చెరిపితే పెన్సిలు పొడి పోతుంది," అన్నాడు మాస్టారు మెల్లగా. "కాగితంలో పడ్డ గాడి ఎక్కడికి పోతుంది? మందు గాడిలోకి దిగింది, ఎండ దాన్ని ముదురు చేసింది. విరిగి అతుక్కున్న ఎముక గీత ఎక్స్‌రేలో దొరికిపోయినట్టే."

రబ్బరబ్బాయి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పారిపోదామంటే మెట్ల నిండా మనుషులు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "పదండి పదండి, కింద టీ చల్లారిపోతోంది."

"టీ ఇంకా పెట్టలేదుగా మాస్టారూ?" అంది దారాలక్కయ్య.

"అయితే పెడదాం పద."

అందరూ దిగిపోయారు. ఆమె ట్రే మీద వంగే ఉంది.

"ఇది నేనేనా?"

"అదీ... అంటే..." అన్నాడతను.

"నీళ్ళు నమలకండి. కావలసినన్ని ఈ ట్రేలో ఉన్నాయి."

"మీరే. అన్నీ మీరే."

"మరి కుర్చీ?"

"దగ్గర కూర్చుంటే చూసేస్తారని."

"చూస్తే ఏం? ఎందుకు చెరిపేశారు?"

"ఒక్కటీ మీలా రాలేదండి. నవ్వేటప్పుడు మీ ఎడమ కన్ను ముందు నవ్వుతుంది. అది ఎంత గీసినా చిక్కలేదు." ఆగాడు. "ఇంకోటి, చెరపకపోతే చెప్పాల్సి వస్తుంది."

"చెప్పండి మరి."

ఈసారి అతను మాట వెతకలేదు. వచ్చిన మాట వచ్చినట్టే వదిలేశాడు. "మీరంటే నాకు ప్రాణం. గ్లాసు ఒలికిన రోజు నుంచి. బుధవారం గుంపుకి వెళ్ళకండి."

ఆమె నీలంలోని తన ముఖాలని ఒక్కొక్కటే చూసింది. రోజూ అద్దంలో చూసుకునే ముఖమే. ఒక మనిషి ఇన్ని ఆదివారాలు కూర్చుని, ఇంత ఓపికగా, ఇంత భయంగా చూడదగ్గదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె కళ్ళు నిండాయి.

"ఉండండి," అని మెట్ల దగ్గర పెట్టిన తన సంచీలోంచి ఒక అట్ట తీసి విప్పింది.

లోపల అతని మెట్లు!

"చెత్తబుట్టలోంచి తీశాను. వేసిన బొమ్మ వేలాడాలి, రూలేగా. నెలాఖరున గోడకి తగిలించేసి వెళ్ళిపోదామనుకున్నాను."

అతను కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. తనని అంత ఏడిపించిన మరక ఇప్పుడు మరక కాదు. పై కిటికీలోంచి దిగి, మెట్టు మెట్టు మీదా ఆగి, కిందకి పారుతున్న వెలుగు. ఆమె పెద్దగా ఏమీ చేయలేదు, అంచులు కాస్త సర్దింది, అంతే. నెలరోజులు గీసినా తనకి పట్టుబడని వెలుగు ఒలికిన గ్లాసులో ఉందా! మధ్య మెట్టు మీద బొటనవేలంత మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. చేతిలో రబ్బరు.

"వీడు నేనా?"

"కుర్చీ లేకుండా కూర్చోబెట్టాను, జరుపుకోవడానికి వీల్లేకుండా."

"పక్కన ఖాళీ ఎందుకండి?"

"నన్ను నేను గీసుకోవడం నాకు రాదు." ఆమె తన పెన్సిలు అతని చేతిలో పెట్టింది. "ఇన్నిసార్లు గీసినవాళ్ళకి వస్తుందేమో."

కింద నుంచి మాస్టారి కేక వినిపించింది. "అమ్మాయ్! బుధవారం గుంపు వాళ్ళకి నువ్వు రావట్లేదని ఫోన్ చేసేయనా?"

"చేసేయ్ పెదనాన్నా!"

"మీ నాన్నకి కూడా ఓ మాట చెప్పనా?"

"పెదనాన్నా!"

కింద గుంపంతా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. మెట్టు మీద కూర్చుని, కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని గీయడం మొదలుపెట్టాడు. చేయి కాస్త అదిరి ముక్కు వంకర పోయింది. అలవాటుగా ఎడమ చేయి జేబులోకి వెళ్ళింది. జేబు ఖాళీ. రబ్బరు కింద బల్ల మీదే ఉండిపోయింది.

ఆమె పక్కన కూర్చుని, తల వంచి చూసింది.

"ముక్కు వంకరొచ్చింది," అన్నాడు దిగులుగా.

"ఉండనీ," అంది ఆమె. "నువ్వు కన్ను గీయి."