మొదటావిడ కారు

రైలు బ్రిడ్జి కింది దారికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ కారు ఆగితే అద్దాలు దించొద్దని చెప్పుకునేవారు. ఎందుకంటే, అక్కడ బండి వేడెక్కితే… ఎవరో పక్క అద్దం మీద వేలితో తడతారట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరట.

నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

ఆ దారిలో ప్రాణం పోయినావిడ కళ్ళజోళ్ళ షాపాయన మొదటి భార్య. ఓ సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని కారు పొగలు కక్కితే, బానెట్ ఎత్తి చూద్దామని డ్రైవర్ వైపు తలుపు తీసుకుని దిగింది. ఎదురు లైనులో వస్తున్న లారీవాడు ఆవిణ్ణి చూసుకోలేదు. అంతే… కారు మీద మాత్రం గీత కూడా పడలేదు.

కొన్నాళ్ళకి ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడ బట్టలు కుడుతుంది, అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. చేతినిండా పనుంది, మంచి మొగుడున్నాడు. ఇంకేం లోటయ్యా అంటే — ఆ కారు!

అమ్మేయమంటే ఆయన వినడు. సీటు ముందుకి జరుపుతానంటే పట్టాలు తుప్పు పట్టాయంటాడు. మొదటావిడ పొడగరి. టైలరమ్మ కాళ్ళు పెడల్స్‌కి అందాలంటే వీపు వెనక దిండు పెట్టుకోవాల్సిందే. పైగా కారు స్టార్ట్ చేసేటప్పుడల్లా ఆయన డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి "పద బుజ్జీ" అంటాడు. ఆ ముద్దుపేరు కారుదా, చచ్చిపోయినావిడదా? అడగడానికి టైలరమ్మకి నోరు రాలేదు. తనని ఒక్కనాడైనా అలా పిలిచిన పాపాన పోలేదు మరి.

ఇంకో చిక్కుంది. ఆయన ఒక్కడే వెళ్తే కారు బుద్ధిగా వెళ్ళి వచ్చేది. టైలరమ్మ ఎక్కిందా, ట్రాఫిక్‌లో వేడి చూపించే సూది పైకి లేచేది.

"మీరు ఏసీ ఆపనివ్వరు కదమ్మా. ముసలి ఇంజను… నిలబడిపోతే గాలి తగలదు, వేడెక్కదూ?" అని మెకానిక్ నవ్వాడు.

ఏసీ లేదు, నా మొహం లేదు, నేనెక్కితే ఆవిడకి ఒళ్ళు మంట, అనుకుంది టైలరమ్మ. బతికున్న సవతైతే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. పోయినదానితో ఏమని పోట్లాడటం?

ఓ సాయంత్రం ఆయన షాపులో ఉండగా చెప్పకుండా తాళం తీసుకుంది. బ్రిడ్జికి అవతల పాత కార్లు కొనేవాడితో అప్పటికే మాట్లాడి పెట్టుకుంది. బేరం కుదిరితే ఆయన చేత సంతకం ఎలా పెట్టించాలో ఆమెకి తెలుసు. కారు పోతే ఆవిడ పీడ కూడా పోతుంది.

సరిగ్గా బ్రిడ్జి కిందికి వచ్చేసరికి ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు కార్లు, వెనక కార్లు, చెవులు చిల్లులు పడే హారన్లు. సూది మెల్లగా లేచింది… ఎర్ర గీత దగ్గరికి వచ్చింది… బానెట్ సందుల్లోంచి ఆవిరి…

టక్… టక్.

పక్క అద్దం మీద! టైలరమ్మ తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"అమ్మేస్తున్నానని… తెలిసిపోయిందా?" అని గొణిగింది.

ఏసీ దానంతటదే ఆగిపోయింది. హీటర్ మీట కిర్రుమంటూ చివరిదాకా తిరిగింది. ఇస్త్రీపెట్టె మీద మొహం పెట్టినట్టు సెగ కొట్టింది. ఆమె మీట వెనక్కి తిప్పింది. అది మళ్ళీ తిరిగింది.

"ఆయన్నీ వదలవు, నన్నూ వదలవా!" అని ఏడుస్తూ, దిగి పారిపోదామని తలుపు లాగింది. లాక్ టక్కున పడింది. పైకి ఎత్తింది. మళ్ళీ పడింది. ఇక భుజంతో తలుపుని గుద్దుతుండగా —

ఎదురు లైనులో లారీ ఒకటి రాసుకుంటూ దూసుకుపోయింది. సైడు అద్దం ఊడి ఎక్కడో పడింది. తలుపే తెరుచుకుని ఉంటే, టైలరమ్మ కాలు పెట్టేది సరిగ్గా అక్కడే.

ఆమె కదల్లేదు. సెగ కొడుతూనే ఉంది. ఎర్ర గీత మీదున్న సూది… మెల్లమెల్లగా కిందికి దిగింది. ట్రాఫిక్ కదిలాక, అవతలికి వెళ్ళకుండా కారు తిప్పుకుని ఇంటికి వచ్చేసింది.

మర్నాడు అద్దం బిగించడానికి మెకానిక్ వచ్చాడు. జరిగింది విని తలాడించాడు.

"హీటర్ పెడితే ఇంజను వేడి అది లాగేస్తుందమ్మా. ఆ చిట్కా నేనే చెప్పాను, మొదటమ్మగారికి. ఆ రోజు కంగార్లో మర్చిపోయి దిగినట్టున్నారు, పాపం…"

డాష్‌బోర్డు కిందికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"కానీ అమ్మా… దీనికి హీటర్ లేదు కదా. నీళ్ళు కారుతున్నాయని, ఆవిడ పోయాక పైపులు కోసి మూసేసింది నేనే. ఇదిగో, చూడండి…"

టైలరమ్మ చూసింది. ఇన్నాళ్ళూ సవతి సవతి అని తిట్టుకున్న నోటితో, ఎవరికీ వినపడకుండా "అక్కా" అంది.

ఆ తరవాత కారు అమ్మే మాట ఎత్తలేదు. పైగా సాయంత్రాలు కుట్టుపని అయ్యాక, వాకిట్లో ఆపి ఉన్న కారులో కాసేపు తలుపులు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. గుసగుసలు, నవ్వులు. ఇప్పుడు కుళ్ళుకోవడం ఆయన వంతయింది. "ఒక్కదానివే ఏం నవ్వుతావు అందులో?" అని సాధించేవాడు.

ఓ వానపూట ఆమె కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి లోపలికి వచ్చింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి… నేను చూశాను. పక్క సీటు అద్దం మీద ఆవిరి… లోపల్నించి తుడిచిందెవరు?"

"మా ఇద్దరి మధ్యా మీకెందుకండీ?" అంది టైలరమ్మ. "అన్నట్టు, ఇన్నాళ్ళూ అనవసరంగా ఏడ్చాను. బుజ్జి అంటే మీ చిన్నప్పటి కుక్కపిల్లటగా!"

ఆ కుక్కపిల్ల సంగతి ఆయన తన జన్మలో ఒక్కరికే చెప్పాడు.