మసక కింద గాజులు

మూడువందల పన్నెండో చిత్రం దగ్గర సువార్త బొటనవేలు అలవాటుకొద్దీ ‘సరే’ మీద పడింది. ఎడమ మణికట్టు, స్త్రీ, డెబ్బై తొమ్మిదేళ్లు. మణికట్టు చుట్టూ నగల మసక, దాని అంచున సన్నటి ఎరుపు. వర్గీకరణి తీర్పు: గాజుల ఒరుపు. నిమ్మళ సూచీ: తొంభై ఒకటి. ఆ చిత్రం జారిపోయి ఇంకొకటి వచ్చింది. ఇది ఎవరో పెద్దాయన మోచెయ్యి. మంచంపట్టీ తగిలిందట. సరే.

జిల్లాలోని విశ్రాంతి నిలయాలన్నిటిలోనూ పొద్దున్నే ముసలివాళ్లను కెమెరా కటకం ముందు కూర్చోబెడతారు. ఒంటిమీద ఎక్కడైనా మచ్చ కనిపిస్తే కటకం ఆ మేరకే కత్తిరిస్తుంది. ముఖం తీసేస్తుంది, పేరు తీసేస్తుంది, నగలుంటే దొంగల కంట పడకుండా వాటిమీద బూడిదరంగు మసక వేస్తుంది. ఆ ముక్క కాకినాడలోని ఈ దేహచిత్ర పఠన కేంద్రానికి వస్తుంది. మచ్చ ఎందుకొచ్చిందో వర్గీకరణి అనే యంత్రం ముందే తేల్చి ఉంచుతుంది. మనిషి కూడా చూశాడని అనిపించుకోవడానికి ఇరవైమంది పఠితలు, ఒక్కో చిత్రానికి తొమ్మిది సెకన్లు.

కాదనడానికి ‘తేడా’ అనే మీట కూడా ఉంది. అది నిన్నగాక మొన్న బిగించినట్టు నిగనిగలాడుతుంటుంది, నొక్కేవాళ్లు లేక. నొక్కినకొద్దీ వర్గీకరణితో పఠిత పొందిక పడిపోతుంది. పొందిక తొంభై ఎనిమిది కంటే తగ్గితే మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. సువార్త పొందిక తొంభై ఎనిమిదిన్నర. భర్త పనిచేసే రొయ్యల శీతలశాల మూతపడి ఏడాదైంది. అందుకని ఆ మీట ఉన్న వైపు ఆమె చూపు కూడా పోనిచ్చేది కాదు.

గోడమీద పలకలో ‘మిగిలినవి’ అనే అంకె తగ్గుతూ ఉంది. అది సున్నాకొస్తే ఇంటికి పోవచ్చు.

రెండూ నలభైకి వచ్చిన చిత్రం మిగతావాటిలా లేదు. ఒక ముసలామె రెండు చేతులూ ఎత్తి ముఖానికి అడ్డంగా, ఒకదానిమీద ఒకటి పెట్టుకుంది. మణికట్లు సరిగ్గా కటకం వైపు తిప్పి ఉన్నాయి. ముఖం తీసేస్తే చేతులు పోతాయి, చేతులు ఉంచితే ముఖం ఉండిపోతుంది. ఎటూ తేల్చుకోలేక కటకం మసక వేయకుండానే బొమ్మను ఉన్నదున్నట్టు పంపేసింది.

మసక ఉండవలసిన చోట గాజుల్లేవు. రెండంగుళాల వెడల్పున కమిలిన పట్టీ ఉంది, ఒకచోట తోలు లేచిపోయి పచ్చిగా ఉంది. చేతుల వెనక తలమీద తెల్లచీర కొంగు. నుదుట బొట్టులేదు. చెవి తమ్మెకు ఎప్పటిదో రంధ్రం, పూడుకుపోయింది.

సువార్త తెరకు దగ్గరగా వంగింది. ఆ కొంగు వేసుకునే తీరు ఆమెకు తెలుసు, ఆ చెవులు ఆమెకు తెలుసు. ఆమె తల్లి బాప్తిస్మం పుచ్చుకున్ననాడు ఒంటిమీది నగలన్నీ తీసేసి, చచ్చేదాకా మళ్లీ ముట్టుకోలేదు. సువార్త పెళ్లినాడు గాజులావిడ ఎంత బతిమాలినా చెయ్యి చాపలేదు. వాళ్ల సంఘంలో ఆడవాళ్లందరూ అంతే. మీటమీద ఉన్న సువార్త చేతులు కూడా బోడివే. బోడిచేతులతో కూర్చుని నాలుగేళ్లుగా గాజుల ఒరుపు, గాజుల ఒరుపు అని నొక్కుకుంటూ పోయింది.

‘తేడా’ నొక్కింది. సీటుమీద ఎర్రదీపం వెలిగింది, ఆ మీట నొక్కితేనే కనపడే పూర్తి ఫైలు తెరుచుకుంది.

పేరు దీనమ్మ. ‘చల్లనినీడ’ విశ్రాంతి నిలయంలో ఎనిమిది నెలలుగా ఉంటోంది. చేరిననాటి సామాన్ల జాబితా: తెల్లచీరలు ఏడు, కళ్లజోడు ఒకటి, బైబిలు ఒకటి, నగలు లేవు. నిమ్మళ సూచీ తొంభై రెండు. సూచీ కొలిచేది చేతుల కదలికనే. ఎంత తక్కువ కదిలితే అంత నిమ్మళం. కట్టేసిన చేతులు ఎక్కడ కదులుతాయి? ఆ చల్లనినీడకు నిరుడు జిల్లాలోకెల్లా ప్రశాంతమైన నిలయమని పతకం కూడా ఇచ్చారు.

కింద పాత చిత్రాలు పదహారున్నాయి. అన్నీ కమిలిన పట్టీని నగలనుకుని కటకం మసక వేసిన మణికట్లే. మూడింటి కింద చదివినవారి పేరు సువార్త. ఆమె ఆ మూడింటినీ మార్చి మార్చి చూసింది. ఒక్కటీ గుర్తురాలేదు. 

ఆ కింద రోజూ సాయంత్రం కూతురికి పంపే కుశలవాణి. తల్లి గొంతుతోనే యంత్రం కూర్చే మాటలవి. సువార్త ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంది. “నేను బాగున్నానమ్మా. గాజులు కాస్త ఒరుసుకుంటున్నాయంతే. నువ్వు బెంగెట్టుకోకు.” గాజుల ఒరుపు అని వర్గీకరణి రాస్తే కుశలవాణి దాన్ని గాజుల కబురు చేసి పంపింది. దానికి కూతురు ఎస్తేరు ఇచ్చిన అర్జీ కూడా అక్కడే ఉంది: ‘మా అమ్మ గాజులు వేసుకోదు. ఆ మాట మా అమ్మది కాదు. నన్ను లోపలికి రానివ్వట్లేదు.’ పక్కన అర్జీలు విచారించే న్యాయసభ ముద్ర: చూసినవారి పేరు లేదు. కుటుంబ అపోహ. ముగించడమైనది.

పర్యవేక్షకుడు జోగారావు ఎర్రదీపం చూసి వచ్చాడు.

“ఏంటమ్మా, చెయ్యి జారిందా?”

“లేదండి. చూసే నొక్కాను. ఈవిడకి గాజుల్లేవు సార్. గుడ్డతో కట్టేశారు.”

జోగారావు తెరవైపు ఒక్కసారి చూసి చూపు తిప్పేసుకున్నాడు. “పండక్కి హోం వాళ్లు పంచుంటార్లే, ఆడోళ్లకి సరదా కదా అని.”

“పంచినా ఈవిడ వేయించుకోదండి.”

“నీకెలా తెలుసు?”

“మా అమ్మ వేయించుకోలేదు.”

ఆయన చెడ్డవాడేం కాదు. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలున్న మనిషి. “రెండో పఠనానికి పోద్దిగా, అదే చూసుకుంటాది. మనం నొక్కాల్సింది నొక్కేశాం. ఇంక కెలక్కు,” అని సీటు వెనక తట్టి వెళ్లిపోయాడు.

రెండో పఠనం చేసేదీ ఆ వర్గీకరణే. తను చెప్పిందే తను మళ్లీ ఖాయం చేసుకుని, వివాదం తీరిపోయిందని ఆ రోజు అయిదింటికి అసలు చిత్రాలతో సహా అన్నీ చెరిపేస్తుంది. అంటే ఆ ముసలామె ఎంత పట్టుదలగా చేతులెత్తి చూపిందో, ఆ చూపించినది ఇంకో రెండు గంటల్లో ఉండదు. నొక్కి మేలు చేసిందో కీడు చేసిందో సువార్తకు తేలలేదు. నియమావళి తెరిచింది. శిక్షణలో ‘ఇది మనకు అక్కర్లేదు’ అని వదిలేసిన ఆఖరి పేజీలు నిలబడే చదివింది. తర్వాత ఎస్తేరు నంబరు అరచేతిలో రాసుకుని మెట్లమీదికి వెళ్లింది. కుటుంబంతో మాట్లాడిన పఠితకు అదే ఆఖరిరోజు. అది మొదటి పేజీలోనే ఉంది.

రెండుసార్లు మోగి ఆగిపోయింది. సువార్త కాలుగాలిన పిల్లిలా ఎక్కుతూ దిగుతూ మూడోసారి చేసింది.

“ఎవరండీ? కాలవమీద సౌరపలకలు కడుగుతున్నాను, తొరగా చెప్పండి.”

“ఎస్తేరు గారేనా? మీ అమ్మగారు దీనమ్మ గారి విషయమండీ.”

నీళ్ల చప్పుడు ఆగింది. “ముందిది చెప్పండి. మీరు మనిషేనా? ఆ హోం నుంచి మాట్లాడేయన్నీ మిషన్లేనండి.”

“మనిషినేనండి.”

“అయితే మా అమ్మ గాజులేసుకుందని మీరూ అంటారా?”

“అననండి. ఆవిడవి బోడిచేతులు. నేను చూశాను.”

 అవతల ఎక్కిళ్లు వినిపించాయి. “ఎలాగుందండీ మా అమ్మ?”

ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్నకు ‘బాగున్నాను’ అనే జవాబు రోజూ వస్తూనే ఉంది. “బాగాలేదండి,” అంది సువార్త. “చేతులు కట్టేస్తున్నారు. పుండు పడింది. ఏడుద్దురుగాని, ముందు నేను చెప్పేది వినండి, టైము లేదు. న్యాయసభ ఆఫీసు మీకెంత దూరం?”

“గట్టు దిగితే పావుగంట.”

“అయిదింటిలోపు వెళ్లి నిలుపుదల అర్జీ ఇవ్వండి, బొమ్మలు చెరపొద్దని. దాంతోపాటు అమ్మగార్ని ఇవాళే చూస్తామని ఉత్తర్వు అడగండి. హోం వాళ్లకి ముందు చెప్పక్కర్లేదు. బయటి డాక్టర్ని వెంటపెట్టుకెళ్లి, చేతులు చూపించి, కాగితం రాయించండి. అక్కడి డాక్టరు చూశాడంటే ఒప్పుకోకండి. ఆ కాగితంతో నేరుగా పోలీస్‌ స్టేషన్‌కి వెళ్లండి. అమ్మగార్ని తీసుకొచ్చేసే హక్కు కూడా మీకుంది.”

“చేర్పించినప్పుడు కోర్టుకెళ్లనని సంతకం చేయించుకున్నారండి.”

“అన్నం బాగాలేదు, పక్క బాగాలేదు అంటే అది పనికొస్తుంది. మనిషిని కట్టేస్తే పనికిరాదు. అది చూపించి బెదిరిస్తే బెదిరిపోకండి.”

“ఇయన్నీ సరేనండి. మొన్న కూడా అర్జీ ఇచ్చాను కదా. చూసినోళ్ల పేరు రాయమంటారు. లోపలికి రానిత్తే కదండీ చూడ్డానికి! ఆ గడిలో ఎవరి పేరు రాయనండి?”

సువార్త మెట్టుమీద కూర్చుంది. జోగారావు చెప్పినట్టు నొక్కాల్సింది నొక్కేసింది. ఇక్కడితో చేతులు దులుపుకుని సీటులోకి పోవచ్చు. ఫోను ఎవరు చేశారో ఎవరికీ తెలియకుండా కూడా పోవచ్చు. ఇంటిదగ్గర మొగుడి ముఖం గుర్తొచ్చింది. భయం వేసింది, చాలా భయం వేసింది.

“నా పేరు రాయండి. సువార్త. పఠిత సంఖ్య పదిహేడు,” అంది. వెంటనే, “ఇంకోటి కూడా రాయండి. ముందు మూడుసార్లు ఆ చేతులు చూసి సరే అన్నది కూడా నేనే,” అంది.

“మూడుసార్లా?”

“మూడుసార్లండి.”

ఎస్తేరు పర్వాలేదనలేదు. క్షమించాననీ అనలేదు. “రాత్తానండి. ఆ మూడుసార్లూ రాత్తాను,” అని పెట్టేసింది.

సువార్త వచ్చి కుర్చీలో కూర్చుంది. నాలుగున్నరయింది, నాలుగూ నలభై అయింది. తెరమీద ఎవరివో చేతులు వస్తున్నాయి. ఆమె ఏదీ నొక్కకుండా తొమ్మిది సెకన్లూ చూస్తూ వదిలేస్తోంది. కూతురు గట్టు దిగిందో లేదో, ఆఫీసులో మనుషులున్నారో లేరో, ఏమీ తెలియదు. పొందిక తొంభై ఎనిమిది దాటి కిందికి జారిపోయింది.

నాలుగూ యాభై రెండుకు గోడమీద పలక ఒక్కసారి ఆరి వెలిగింది. ‘మిగిలినవి’ అంతవరకు నూట ఎనభై. ఇప్పుడు తొమ్మిదివేలు, చూస్తుండగానే నలభైవేలు, లక్ష దాటి ఇంకా పైకి పోతోంది. ఎస్తేరు అర్జీ చేరిందన్నమాట, నియమావళి ఆఖరి పేజీ చెప్పేది అదే. తన పఠనం తప్పని పఠితే సాక్ష్యమిస్తే ఆ పఠిత చదివినవన్నీ రద్దవుతాయి, అవన్నీ తిరిగి మనుషుల ముందుకే రావాలి, వర్గీకరణి తీర్పు లేకుండా.

జోగారావు పరుగెత్తుకొచ్చాడు. “ఏం చేశావమ్మా? ఏం చేశావు?”

“చూశానని చెప్పానండి,” అంది సువార్త, సంచీ సర్దుకుంటూ.

హాల్లో మీటల టకటకలు ఆగిపోయాయి. ఇరవై తెరలమీదా ఏవో చేతులు, మసకలు. తీర్పు ఉండే గడి ఖాళీగా ఉంది. తొమ్మిది సెకన్లు దాటినా ఎవరి బొటనవేలూ కిందికి రాలేదు. పక్క సీటులోని మంగతాయారు, ఎన్నడూ తెర మీంచి తల తిప్పని మనిషి, తన తెరను రెండు చేతులతో పట్టుకుని సువార్త వైపు తిప్పింది.

“వెళ్తే వెళ్దువుగాని, ఇది చూసిపో. ఈ మసక కింద గాజులున్నాయంటావా?”

సువార్త సంచీ కింద పెట్టి దగ్గరికి జరిగింది.