నీలిమందు బంగళాలో టీ పార్టీ

శవం నడుముకి చుట్టి ఉన్న గుడ్డలో ఏ విశేషమూ లేదు. అదే పాండురంగారావుకి నచ్చలేదు.

"బారెడు మల్లు గుడ్డ. అల్ట్రావయొలెట్ కింద పెట్టారు. అయొడిన్ పొగ పట్టారు. కాల్చి ఒక్కటే చూడలేదు. లాబ్ రిపోర్టు ఒకే ముక్క. నిల్!" అన్నాడాయన.

1964 ఆగస్టు. ఉదయం ఆరుగంటలు. గుడివాడ ట్రావెలర్స్ బంగళాలో ముసురు చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. పక్క గదిలో ఐసు దిమ్మల మీద పడుకున్నవాడి పేరు కోటిలింగం. రహస్య శాఖలో రెండేళ్ల సర్వీసు. అంతకు ముందు పెడనలో కలంకారీ అద్దకం పని. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు చీఫ్ పాండురంగారావు ఎదురుగా నిలబడిన ఏజెంట్ శివరామయ్యకి సొంత చెల్లెలి మొగుడు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు పాండురంగారావు. "దివిసీమలో నేవీ రాడార్ స్టేషన్‌కి స్థలం చూడ్డానికి ముగ్గురు సైంటిస్టులు వచ్చారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి బంటుమిల్లి దారిలో ఉన్న వెల్డన్ దొర నీలిమందు బంగళాలో వాళ్లకి టీ పార్టీ. ఆ బంగళాని అద్దెకి తీసుకున్న ఎక్స్‌పోర్ట్ కంపెనీ వెనక విదేశీ ముఠా ఉందని మన అనుమానం. కోటిలింగాన్ని అద్దకం పనివాడిగా లోపల పెట్టాం. మొన్న పొద్దున్న నీలి తొట్లో శవమై తేలాడు. ఊపిరితిత్తుల్లో చుక్క నీళ్లు లేవు. పీక నులిమి, తరవాత పడేశారు."

"పార్టీ ఆపేస్తే?"

"ఆధారం లేకుండా ఢిల్లీ వాళ్లు ఒప్పుకోరు. ఆపితే ముఠా తప్పించుకుంటుంది, ఇంకోచోట దెబ్బ కొడుతుంది."

శివరామయ్య గుడ్డ వంక చూస్తున్నాడు గానీ, అతని ప్రాణం పక్క గదిలో ఉంది. ఈ మిషన్ మొదట తనకే వచ్చింది. "బావని పంపండి సార్. చేతిలో పనుంది, ఎవరికీ అనుమానం రాదు," అని చెప్పింది తనే. పైకి చెప్పిన కారణం అది. లోపలి కారణం భయం. పెడన చుట్టుపక్కల తన ముఖం తెలియనివాళ్లు లేరు. దొరికితే ఏం చేస్తారో తెలుసు. తన ప్రాణం మీద తీపితో చెల్లెలి తాళి తాకట్టు పెట్టాడు. ఇంకా ఏం మిగిలింది? బావ దేనికోసం చచ్చాడో అదన్నా దక్కించుకోవాలి. ఆ ముగ్గురూ బతకాలి. వాళ్లు కూడా పోతే కోటిలింగం ఊరికే చచ్చినట్టే.

అతను గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కరక్కాయ వగరు. దాని అడుగున గేదెపాల జిడ్డు. అద్దకానికి సిద్ధం చేసిన గుడ్డ.

"సార్, మన లాబ్‌లో పెడన వాళ్లు ఒక్కరూ లేరు కదా?"

"లేరు. ఏం?"

"ఉంటే అయొడిన్ మిగిలేది. జీపు ఇప్పించండి."

*

పెడనలో ప్రేమమ్మ అద్దకం బల్ల దగ్గర ఉంది. తండ్రి పోయాక ఆ బల్లని నడుపుతున్నది ఆవిడే. అన్నని చూసి అచ్చు పక్కన పెట్టింది.

"ఏంటన్నయ్యా, గెడ్డం పెంచావు? సన్యాసంలో కలిశావా?"

"కాలేజీ లెక్చరర్ వేషంలే. ఓ పని చేసిపెట్టు, అమ్మాయ్. ఈ గుడ్డ ఉడకెయ్యాలి."

ప్రేమమ్మ గుడ్డ అందుకుంది. వేళ్లతో నలిపింది. నవ్వు పోయింది.

"ఇది ఆయన చేతి గుడ్డ. పాలు ఇంత చిక్కగా పట్టించేది ఆయనొక్కడే. ఆయనేడీ?"

"హైదరాబాద్‌లో. ట్రైనింగు. వచ్చేవారం వస్తాడు," అన్నాడు శివరామయ్య. ఉద్యోగరీత్యా ఎన్నో అబద్ధాలాడిన నోరు. ఈ అబద్ధం మాత్రం గుడ్డ వంక చూస్తూ చెప్పాడు.

ఆవిడ రాగి కాగులో ఎర్ర రంగు దిగే చిరివేరు నీళ్లు మరిగించి గుడ్డ వేసింది. పటిక నీళ్లతో గీసిన గీత ఆరాక కంటికి కనపడదు. రంగు నీళ్లలో ఉడికితే పటిక ఉన్నంతమేరా ఎరుపు పట్టుకుంటుంది. పెడనలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి. లాబ్‌లో పి.హెచ్.డి.లకి తెలియలేదు, అంతే.

అరగంటకి గుడ్డ మీద ఎర్రగా గీతలు లేచాయి. ఒక ఇల్లు. ఇంటికి అటొకటీ ఇటొకటీ రెండు రెక్కలు. ఎదురుగా రెండు వరసల తొట్లు. ఒక రెక్క గుమ్మం పక్కన ఇంటూ మార్కు. దాని కింద నాలుగు చుక్కలు. అక్షరం ఒక్కటి లేదు. గీతల అంచులు అలుక్కుపోయి ఉన్నాయి.

"రంగు చెదిరింది. నిలవనీళ్లలో నానింది ఈ గుడ్డ," అంది ప్రేమమ్మ మెల్లగా. "కాలవ నీళ్లు పారుతుండాలి, ఎక్కువైన పటిక కొట్టుకుపోతుండాలి. నిలవనీళ్లలో పెడితే గుడ్డంతా పాకుతుంది. ఆయన చస్తే అలా చెయ్యడు."

శివరామయ్య తీగ మీది తడిగుడ్డ లాగేసుకున్నాడు. ఇంటికి ఎడమ రెక్కలో బాంబు, నాలుగు గంటలకి. చాలు!

"అన్నయ్యా, ఒక్కమాట..."

"తరవాతమ్మా, టైము లేదు!"

జీపు కదిలింది. అద్దంలో ప్రేమమ్మ గుమ్మంలోనే నిలబడి కనిపించింది.

*

వెల్డన్ దొర బంగళా నూరేళ్లకు పైబడిన ముసలిది. తెల్ల స్తంభాలు పాచిపట్టి ఉన్నాయి. ఎదురుగా తోట పోను మిగిలిన మెరక మీద రెండు వరసల ఇటిక తొట్లు వాననీళ్లతో నిండి ఉన్నాయి. ప్రోగ్రాం కార్డులో టీ ఎడమ రెక్కలో అని అచ్చువేశారు. కోటిలింగం మ్యాపులోనూ ఎడమ రెక్కే. శివరామయ్యకి లెక్క సరిపోయింది.

కళ్లజోడు, గెడ్డం, నల్లగొడుగు. హిస్టరీ లెక్చరర్ వేషంలో అతను మెట్లెక్కేసరికి హోస్టెస్ భానుమతి ఎదురొచ్చింది. నీలం షిఫాన్ చీర, చేతుల్లేని జాకెట్టు, పెదాలకి లిప్‌స్టిక్. ఏడాదిగా ముఠా కబుర్లు శాఖకి అందిస్తున్న ఇన్‌ఫార్మర్ ఆవిడే.

"దొరగారికి ఏ పువ్వు ఇష్టమండీ?" కోడ్ ప్రశ్న వేశాడు.

"పువ్వులు కాదండీ, ముళ్లు." కోడ్ జవాబు చెప్పి ఆవిడ చల్లగా నవ్వింది.

సైంటిస్టులు మూడింటికి వచ్చారు, వెంట కాపలా పోలీసులు. సైంటిస్టులు ముగ్గురూ నడివయసువాళ్లే, పాపం పిల్లల్లా ప్రతిదీ ముట్టుకుని చూస్తున్నారు. భానుమతి వాళ్లని తొట్ల దగ్గరకి తీసుకెళ్లింది.

"ఈ పై తొట్లలో నీలి మొక్కలు నానేసేవారండీ. ఆ నీళ్లు కింది తొట్లోకి వదిలేవారు. కూలీలు నడుంలోతు దిగి, తెడ్లతో గంటలకొద్దీ చిలికేవారు. ఒళ్లు నీలమైపోయేది, ఏళ్లు గడిచినా వదిలేది కాదట. దిగనన్నవాణ్ణి ఆ స్తంభానికి కట్టేవారు."

ముగ్గురిలో పెద్దాయన స్తంభం మీది ఇనప రింగు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడున్నరకి భానుమతి శివరామయ్య పక్కకి వచ్చింది. "ఎడమ రెక్కలో కప్పు కారుతోందండీ. టీ కుడి రెక్కలోకి మార్పించనా?"

ఏడుకొండలవాడే దారి చూపించాడనుకున్నాడు శివరామయ్య. "మంచి పని. వెంటనే మార్చండి," అన్నాడు.

అతిథులు కుడి రెక్కలోకి వెళ్లగానే తను ఎడమ రెక్కలో దూరాడు. గుమ్మం పక్కన ఏమీ లేదు. నేల తట్టాడు, గోడలు తట్టాడు, అటక మీదికి పాకాడు. బూజు, గబ్బిలాలు, విరిగిన కుర్చీ. బాంబు లేదు. వాచీలో మూడూ నలభై ఆరు. ఒళ్లంతా చెమటతో బయటికి వచ్చేసరికి భానుమతి తొట్టి గట్టు మీద నిలబడి ఉంది.

"ఏమైనా దొరికిందా అండీ?"

"లేదు. కోటిలింగం పోయింది ఈ తొట్లోనేనా?"

"ఈ తొట్లోనేనండీ. మంచివాడు, పాపం." భానుమతి కళ్లు తుడుచుకుంది. "అద్దిన గుడ్డలు ఇందులో ఉతుకుతూ పాచి మీద జారాడండీ. నా కళ్లతో చూశాను. అరిచేలోపే మునిగిపోయాడు."

శివరామయ్య చెవుల్లో చెల్లెలి గొంతు మోగింది. ఆయన చస్తే అలా చెయ్యడు. రెండు ఫర్లాంగుల దూరంలో నిండుగా పారే కాలవ ఉండగా, పెడన అద్దకందారు నిలవనీళ్లలో గుడ్డ ఉతకడం ఎక్కడైనా ఉందా? పైగా ఊపిరితిత్తుల్లో చుక్క నీళ్లు లేనివాడు మునిగి చచ్చాడట! ఈవిడ చూడనిది చూశానంటోంది! శాఖకి కబుర్లమ్మిన చేత్తోనే ముఠాకి శాఖని అమ్మింది. మరి అబద్ధాలకోరు టీ బల్లల్ని కుడి రెక్కకి ఎందుకు మార్పించింది?

అతను జేబులోంచి గుడ్డ లాగి వెలుతురుకి పట్టాడు. మల్లు పల్చన. ఎరుపు రెండువైపులా దిగింది. నిలవనీళ్లలో నాని ఇంకా అలుక్కుపోయింది. అయినా ఒకవైపు రంగు ఒక పిసరు ముదురు. పటిక అద్దిన ముఖం అదీ. పొద్దుణ్ణించి తను చూస్తున్నది గుడ్డ వీపు! అద్దకం బల్ల కింద పుట్టి, దోగాడి, పదేళ్లు అచ్చుకొట్టి, ఆఖరికి ముఖానికీ వీపుకీ తేడా మరిచిపోయాడు. తిప్పితే ఎడమ కుడి అయింది.

"ఓరి దేవుడా," అన్నాడు పైకే.

"అర్థమైపోయిందన్నమాట!" భానుమతి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. "కదలకండి. ఇంకో పది నిమిషాలు ఇక్కడే నిలబడితే చాలు. హంసలదీవి దగ్గర నాకోసం లాంచీ ఉంది."

శివరామయ్య శాఖవారి గ్యాస్ పెన్ను నొక్కాడు. గ్యాస్ రాలేదు. సిరా వచ్చింది. భానుమతి ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే గొడుగు ఆవిడ ముఖం మీద టప్పున తెరుచుకుంది. పిస్టల్ పేలింది. బుల్లెట్ గొడుగుని చీల్చి, అతని ఎడమ భుజాన్ని చీరుకుంటూ పోయింది. అతను గొడుగుతో సహా ఆవిడని తొట్లోకి తోసి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

వాకిలి, మెట్లు, హాలు. మూడూ యాభై ఏడు. కుడి రెక్క గుమ్మం పక్కన టేకు పెట్టె. పాత నీలిమందు గడ్డలు చూపించడానికి పెట్టారు. దాని మీద కప్పులు, కెటిలు. పెట్టెకి మూరెడు దూరంలో ముగ్గురూ కుర్చీల్లో కూర్చుని టీ ఊదుకుంటున్నారు.

"లేవండి! వెనక గుమ్మం! పరిగెత్తండి!"

ప్రొఫెసర్లు కదా, ఎందుకు అని అడగబోయారు. పోలీసులు జబ్బలు పుచ్చుకుని ఈడ్చుకుపోయారు. శివరామయ్య కప్పులన్నీ నేలపాలు చేసి పెట్టె ఎత్తాడు. లోపల గడియారం టిక్కుటిక్కుమంటోంది. నెత్తురోడుతున్న భుజం సహకరించలేదు. పెట్టెని పొట్టకి కరుచుకుని మెట్లు దిగాడు. "బావా, ఒక్క నిమిషం. ఒక్క నిమిషం," అని గొణుక్కుంటూ కుడి వరస తొట్టి గట్టు చేరాడు. పెట్టె నీళ్లలోకి విసిరి నేలకి కరుచుకుపోయాడు.

భూమి ఎగిరిపడింది. తాటిచెట్టంత ఎత్తున నీళ్లు లేచాయి. ఇటికలు, బురద, నీలిమందు గడ్డలు కలిసి వానలా కురిశాయి. చెవుల్లో హోరు తగ్గాక తలెత్తి చూశాడు. సైంటిస్టులు ముగ్గురూ దూరంగా నిలబడి ఉన్నారు, ఒళ్లంతా నీలం. ఎడమ వరస తొట్లోంచి భానుమతిని పోలీసులు పైకి లాగుతున్నారు. సంకెళ్లు వేస్తుంటే ఆవిడ తిట్లకి కోడ్ భాష అక్కర్లేకపోయింది.

*

మర్నాడు ఉదయం శివరామయ్య భుజానికి కట్టుతో పెడన చేరాడు. శవం వ్యాను వెనక వస్తోంది. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఒక్కటీ అతకలేదు.

ప్రేమమ్మ బల్ల మీద అచ్చులన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఆవిడ గోడకి చేరగిలబడి కూర్చుంది. నుదుట బొట్టు లేదు.

"చెప్పకన్నయ్యా," అంది. "నిన్ననే తెలిసింది. ఆయన గుడ్డ నిలవనీళ్లలో నానిందంటే, దాన్ని తియ్యడానికి ఆయన చేతుల్లో ప్రాణం లేదనేగా."

శివరామయ్య ఆవిడ ముందు కూలబడ్డాడు. "నేనే పంపానే. నా బదులు పోయాడు. పైగా నీకు అబద్ధం చెప్పాను. నిజం చెప్పలేక చచ్చాను ప్రేమా."

"నిజం చెప్పి ఒక్క నిమిషం నిలబడి ఉంటే నేనూ ఒకటి చెప్పేదాన్ని. గుడ్డ తిరగేసి పట్టుకున్నావని. ఒక్కమాట అన్నాను. ఆగలేదు."

అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. మూడు ప్రాణాలు పోవలసింది తన అబద్ధం వల్ల, మిగిలింది ఆవిడ మాట వల్ల. ఆవిడ అన్న తల మీద చెయ్యి వేసింది. తిట్టి ఉంటే అతనికి కాస్త ఊరటగా ఉండేది.

చాలాసేపటికి ఆవిడ అతని చేతిలో నలిగిన పేపరు వంక చూసింది.

"ఏం రాశారు?"

శివరామయ్య కళ్లు తుడుచుకుని, శాఖ డిక్టేట్ చేసి వేయించిన నాలుగు లైన్లూ చదివాడు. "బంటుమిల్లి దగ్గర పురాతన బంగళాలో పాత బాయిలర్ పేలుడు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు."

"పోన్లే," అంది ప్రేమమ్మ. "ఎవరో అదృష్టవంతులు."